ఇంకో యాభై ఏళ్లకి మన వైజాగ్‌లో దేవుణ్ని ఎవరు నమ్ముతారు, ఎలా నమ్ముతారు?

మర్రిపాలెం_అమ్మాయి

ఆఫీసులో టీ దగ్గర మొదలైన గొడవ ఇది, ఇంకా తేలలేదు, అందుకే ఇక్కడ పడేస్తున్నా. మా టీములో ఒకాయన గట్టిగా అంటాడు, ఇంకో రెండు తరాల్లో గుళ్లన్నీ టూరిస్టులు ఫొటోలు దిగే చోట్లు అయిపోతాయి, ఇంగ్లండ్‌లో చర్చిల గతి చూశారుగా అని. ఇంకొకావిడ ఊరుకోదు. మీకు కళ్లు లేవా, ఏటేటా సింహాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణకి జనం పెరుగుతున్నారు, మాల వేసుకునేవాళ్లు పెరుగుతున్నారు, గాజువాకలో వినాయకుడైతే అపార్ట్‌మెంట్ల కంటే ఎత్తు పెరిగిపోయాడు అంటుంది. ఇద్దరు చెప్పేదీ నాకు కళ్లముందు కనిపిస్తూనే ఉంది, అదే తలనొప్పి.

నా సంగతి చెప్తా. నేను గిరిప్రదక్షిణ చేస్తాను. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతువాక, అప్పూఘర్, ఎంవీపీ, మాధవధార మీదుగా ఆ 32 కిలోమీటర్లూ నడుస్తాను. ఎందుకంటే మాత్రం మా అమ్మ చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఫ్రెండ్స్ వస్తారు, దారిపొడవునా పులిహోరో మజ్జిగో చేతిలో పెడతారు, తెల్లారేసరికి కాళ్లు వాచిపోతాయి, మధ్యమధ్యలో వాచీలో అడుగులు చూసుకుంటాం. ఆ కొండ మీది సింహాద్రి అప్పన్న ఉన్నాడని నమ్ముతున్నావా అంటే ఏమో. లేడు అనే ధైర్యమూ లేదు. అమ్మ అలా కాదు. మార్గశిర గురువారం తెల్లవారకుండానే బురుజుపేట వెళ్లి, క్యూలో నిలబడి, కనకమహాలక్ష్మికి తన చేత్తో పసుపూ కుంకుమా పెట్టి వస్తుంది, ఆవిడకి అందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

అడగాలనుకున్నది ఇదీ. నాకే నమ్మకం సగం ఉంటే నా పిల్లలకి ఎంత మిగులుతుంది? మతం పోతుందా, వేరే రూపంలోకి మారుతుందా, మారితే ఏ రూపం? దేవుడున్నాడా లేడా అనే చర్చ వద్దు ప్లీజ్, పార్టీల గోల అసలే వద్దు.

లెక్కలబాబు

ఆ ఇంగ్లండ్ అన్నగారికి సగం మార్కులు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి క్రిస్టియన్లమని రాయించుకున్నవాళ్లు 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం. సగం కంటే కిందకి రావడం అదే మొదటిసారి. అయితే దాన్ని పట్టుకొచ్చి సింహాచలానికి అతికిస్తే అతకదు. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు కరోనాకి కాస్త ముందు ఇండియాలో దాదాపు 30 వేల మందిని అడిగితే 97 శాతం మంది దేవుణ్ని నమ్ముతామన్నారు.

ఈ విషయంలో జోస్యాలు చెప్పినవాళ్లు పెద్దపెద్దవాళ్లే బోల్తా పడ్డారు. పీటర్ బెర్జర్ అని అమెరికాలో పేరున్న సోషియాలజిస్టు, 21వ శతాబ్దానికల్లా భక్తులు చిన్నచిన్న గుంపులుగా మాత్రమే మిగులుతారని 1968లో పేపరుకి చెప్పాడు. 1990ల్లో ఆయనే వెనక్కి తీసుకున్నాడు, ప్రపంచం ఎప్పటిలాగే భక్తితో మండిపోతోందని. ప్యూ వాళ్లదీ అంతే. మతం లేనివాళ్లకి పిల్లలు తక్కువ కాబట్టి 2050 నాటికి ప్రపంచ జనాభాలో వాళ్ల వాటా తగ్గుతుందని 2015లో అంచనా కట్టారు. 2025లో వాళ్లే లెక్క తీస్తే 2010 నుంచి 2020 మధ్య ఆ వాటా తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది. పిల్లల్ని కనడం ఒక్కటే చూస్తే చాలదు, పెద్దయ్యాక ఇంట్లో మతం వదిలేసేవాళ్లు ఎక్కువయ్యారు, ముఖ్యంగా క్రిస్టియన్ దేశాల్లో.

కారణం ఏంటంటే, నాకు నచ్చిన వివరణ అమెరికా పొలిటికల్ సైంటిస్టు రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్‌ది. బతుక్కి భద్రత పెరిగితే, అంటే పిల్లలు చిన్నప్పుడే పోకుండా ఉంటే, ముసలితనంలో పెన్షన్ వస్తే, జబ్బు చేస్తే ఇల్లు అమ్ముకోనక్కర్లేకపోతే, రెండుమూడు తరాల్లో మతం పట్టు సడలుతుంది అంటాడు. 2007 నుంచి 2019 దాకా 49 దేశాలు చూస్తే 43 దేశాల్లో భక్తి తగ్గిందట. ఎదురీదిన కొద్ది దేశాల్లో పెద్దది మనదే.

అందుకే నేను ఇంగ్లండ్ వైపు కాకుండా జపాన్ వైపు చూడమంటాను. అక్కడ చాలామంది మాకు మతం లేదంటారు. అనేసి కొత్త సంవత్సరం రోజు షింటో గుడి ముందు క్యూ కడతారు, పెళ్లి చర్చిలా కట్టిన హాల్లో చేసుకుంటారు, పోయాక బౌద్ధ భిక్షువు వచ్చి మంత్రాలు చదువుతాడు. వాచీలో అడుగులు చూసుకుంటూ అప్పన్న కొండ చుట్టూ తిరిగే మీరు ఆ లైనులో ముందున్నట్టే.

ఎంవీపీ_పురోహితుడు

అమ్మాయీ, నేను చదివి చెప్పట్లేదు, నా డైరీ చూసి చెప్తున్నా. నా నాన్నగారి రోజుల్లో ఆయన డైరీ నిండా తద్దినాలే. మాసికాలు, ఆబ్దికాలు, అమావాస్య తర్పణాలు, వాటికే పరిగెత్తేవారు. ఇప్పుడు నా డైరీలో తద్దినాలు బాగా తగ్గాయి, హోమాలు, అభిషేకాలు, గృహప్రవేశాలు ఆ చోటుని నింపేశాయి. ఈ ఒక్క మార్పు చూస్తే మీ ప్రశ్నకి చాలావరకు జవాబు దొరుకుతుంది. తద్దినం పెడితే పెట్టినవాడికి చేతికొచ్చేది ఏమీ లేదు, పోయినవాళ్ల రుణం అంతే. హోమానికైతే ఫలితం కావాలి. వీసా స్టాంపింగ్ అవ్వాలి, సంబంధం కుదరాలి, ఫ్లాటు అమ్ముడవ్వాలి. హైదరాబాదు పక్కన చిలుకూరులో వీసాల కోసం ప్రదక్షిణలు చేసేది కూడా ఈ బాపతే. తాతగారి తిథి ఏంటమ్మా అంటే ఇంటాయన ఇంటావిడ ముఖం చూస్తాడు, ఆవిడ ఊళ్లో అత్తగారికి ఫోన్ చేస్తుంది. ఆ అత్తగారు పోయాక ఆ తిథి ఎవరికీ తెలీదు.

టెక్నాలజీ గురించి కొంపలు మునిగినట్టు మాట్లాడతారు గానీ మేం ఎప్పుడో అలవాటు పడ్డాం. సత్యనారాయణ వ్రతం ఇక్కడ సీతమ్మధారలో, అబ్బాయీ కోడలూ డాలస్‌లో. ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి నిలబెడతారు, అక్కడ వాళ్లకి రాత్రి, పట్టుబట్టలు కట్టుకుని ఆవులిస్తూ కూర్చుంటారు. సంకల్పంలో వాళ్లకి జంబూద్వీపే భరతవర్షే అని చెప్పకూడదు కదా, ఉన్న చోటు చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు దానికీ ఒక దారి పెట్టుకున్నారు, క్రౌంచద్వీపే రమణకవర్షే ఐంద్రఖండే అని. నేనూ అదే చెప్పిస్తాను. దాన్ని శాస్త్రం ఒప్పుకుంటుందా అని నన్నడక్కండి, నాకంటే పెద్దవాళ్లు వాదించుకుంటున్నారు.

నాకు బెంగల్లా "షార్ట్‌గా కానిచ్చేయండి పంతులుగారూ" అనే మాట. ఐదు కథలూ వినే ఓపిక లేదు, ప్రసాదం మాత్రం నియమంగా పంచుతారు. అలాగని వాళ్లకి భక్తి లేదని నేననను, హారతి వేళ కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లని కూడా వాళ్లలోనే చూస్తాను.

జాలారిపేట_కుర్రోడు

లెక్కలబాబు గారు చెప్పిన భద్రత లెక్క మా పేటలో సగమే పనిచేస్తది. మా నాన్న, పెదనాన్న తెప్పల మీద చేపల ఏటకి ఎళ్లినోళ్లే. అప్పుడు గాలివాన సంగతి మేఘం చూసి చెప్పుకోవాల, ఎళ్లినోడు ఒస్తాడో రాడో తెలీదు. ఇప్పుడు బోట్ల మీద జీపీఎస్ ఉంది, చేపల గుంపు ఎక్కడుందో చూపించే మిషను ఉంది, వైర్‌లెస్ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడింది, కానీ అది ఒస్తాదని ముందే హెచ్చరికలు ఒచ్చీసినయి, బోట్లు ఒడ్డుకి తెచ్చీసుకున్నాం.

మరి గంగమ్మ తల్లి పోయిందా? పోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏట నిషేధం, అది అయిపోయాక బోటు తియ్యాలంటే ఇప్పటికీ పూజ కావాల్సిందే. పసుపు, కుంకం, నిమ్మకాయలు, కోడి, అన్నీ ఉంటయి. ఇంజనుకీ బొట్టు పెడతారు, ఆ జీపీఎస్ డబ్బాకీ బొట్టు పెడతారు. తేడా ఎక్కడంటే, మా నాన్న తల్లి దగ్గర ప్రాణం అడిగీవోడు. మా అన్నయ్య చేప అడుగుతాడు. డీజిల్ ఖర్చు రావాల, అప్పు తీరాల. సముద్రం బయం తగ్గింది గానీ ఏట పడదేమోనన్న బయం పెరిగింది.

ఇంకోటి. మా వీదిలో కొన్ని కుటుంబాలు ఆదివారం ప్రార్థనకి ఎళ్తారు, గంగమ్మకి మొక్కరు. ఆళ్ల బోటు తీసేటప్పుడు పాస్టరు గారు ఒచ్చి వల మీద చెయ్యేసి ప్రార్థన చేస్తారు. మతం మారింది గానీ బోటు తీసే ముందు ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాల అన్నది మారలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్

లెక్కలబాబు గారూ, మీ ఇంగిల్‌హార్ట్ ఎప్పుడైనా ఐసీయూ బయట రాత్రి కూర్చున్నారా? నేను నర్సుని, క్రిస్టియన్‌ని. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయినా, ఇన్సూరెన్స్ ఉన్నా, పెద్ద డాక్టరు గారు భయం లేదని చెప్పినా, సంతకం పెట్టిన చేత్తోనే మొక్కుకుంటారు. ఒకసారి ఒక పెద్దాయన ముంజేతికి క్యాన్యులా పెట్టాల్సి వచ్చింది. ఆ చేతికే కొండ మీద నుంచి తెచ్చిన తాడు, దాని పక్కన దర్గాలో కట్టించిన తాయెత్తు. కోడలు వచ్చి మా పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన నూనె నుదుటికి రాయొచ్చా అని అడిగింది, వాళ్లు హిందువులే. నేను నరం కోసం తాడు కొంచెం పైకి జరపండి అని మాత్రమే అన్నాను. భద్రత వస్తే మతం పోతుందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. డబ్బు భయం పోతుందేమో, మనిషి పోతాడన్న భయం పోదు కదా.

మన ఊళ్లో ఇది కొత్త కూడా కాదు. హార్బర్ ఎదురుగా మూడు కొండలు పక్కపక్కనే, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మరియమ్మ తల్లి చర్చి. డిసెంబరు 8 పండగకి రాస్ హిల్ ఎక్కేవాళ్లలో క్రిస్టియన్లు కానివాళ్లు ఎంతమందో వచ్చి చూడండి.

నాకు వేరే భయం ఉంది. మా సంఘంలో చిన్నప్పుడు ఒక పాస్టరు గారు ఉండేవారు, ఎవరింట్లో జ్వరమొచ్చినా ఆయనకి తెలిసేది. ఇప్పుడు మా పిల్లలు యూట్యూబ్‌లో ఎక్కడో ఉన్న ప్రసంగికుడి మాట వింటారు, స్థానిక సంఘం బోర్ అంటారు. ఆ ప్రసంగికుడికి మా పిల్లల పేర్లు తెలీవు. 2023లో జర్మనీలో ఫ్యూర్త్ అనే ఊళ్లో చాట్‌జీపీటీ రాసిన ఆరాధన పెట్టారు, తెర మీద బొమ్మలు ప్రసంగం చెప్తే వందలమంది కూర్చుని విన్నారట. ప్రసంగం బాగానే ఉండి ఉంటుంది. సమాధి దగ్గరికి ఎవరొస్తారు?

లెక్కలబాబు

సిస్టర్, ఆయన చెప్పింది ఐసీయూ బయట ఒక రాత్రి గురించి కాదు, మొత్తం సమాజం గురించి, అదీ తరాల లెక్కలో. భద్రతంటే ఒక కార్డు కాదు. అయినా మీ పాయింటు కొట్టిపారేయను, ఇండియా ఎందుకు ఎదురీదుతోందో చెప్పడానికి ఆ సిద్ధాంతం తడబడుతుంది.

రోబోల సంగతి వచ్చింది కాబట్టి, క్యోటోలో కొడైజీ అనే బౌద్ధ గుడిలో 2019 నుంచి మిండార్ అని ఒక రోబో ధర్మబోధ చేస్తోంది. జనం వచ్చారు, చూశారు. దాన్ని చూసి భక్తి పెరిగిందా అంటే నాకైతే డౌటే.

రిటైర్డ్_మాస్టారు

మీరంతా ముందుకి చూస్తున్నారు, నేను చరిత్ర చెప్పుకుని బతికినవాణ్ని కాబట్టి వెనక్కి చూస్తాను. మన బీచ్‌రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళ్తే తొట్లకొండ, బావికొండ, ఇంకా పైకి పావురాళ్లకొండ. సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఈ తీరంలో కొండకొండకీ బౌద్ధ విహారం ఉండేది. తొట్లకొండ మీద భిక్షువులు రాతిలో తొలుచుకున్న నీళ్ల తొట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, భోజనశాల పునాదులున్నాయి, తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే సముద్ర వ్యాపారం చేసే వర్తకుల డబ్బుతో నడిచిన మఠం. ఆ వ్యాపారం పడిపోయింది, పోషించేవాళ్లు పోయారు, భిక్షువులు పోయారు. ఎంతగా పోయిందంటే 1970ల్లో నేవీవాళ్లు సర్వే చేస్తుంటే తప్ప అక్కడ ఏముందో ఎవరికీ గుర్తు లేదు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీదైతే ఇంకా విచిత్రం, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కనుమ రోజు అక్కడికెళ్లి రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవాళ్లు. ఒకప్పుడు వాళ్ల పూర్వీకులే ప్రదక్షిణ చేసి ఉంటారు.

కాబట్టి మతాలు పోవు అని ఎవరూ గుండె మీద చెయ్యేసి చెప్పక్కర్లేదు, మన ఊళ్లోనే ఒకటి పోయింది. అక్కడ మఠం ఉంది, నాణేలున్నాయి, కానీ ఇంట్లో అమ్మ చేసేదేముందో? ఇది నా ఊహ మాత్రమే. ఇంటి పొయ్యి దగ్గరికి చేరని మతం పోషకుడితోపాటే పోతుంది. పంతులుగారు చెప్పిన తద్దినం సంగతి విని నాకు గుబులు పుట్టింది అందుకే. ఇంట్లో చేసేవి గుడికీ, హాలుకీ, స్క్రీనుకీ వెళ్లిపోతున్నాయి.

రెండోవైపు, ఉన్నవేవీ మొదట్నుంచీ ఇలాగే లేవు. సింహాచలంలో దొరికిన శాసనాల్లో పాతది 1098 నాటిది, కృష్ణదేవరాయలు 1516లో వచ్చి మొక్కు చెల్లించుకున్నాడు. అంతకుముందు అక్కడ శివపూజ జరిగేదని, రామానుజులవారు వచ్చి వైష్ణవంలోకి మార్చారని స్థలకథ. బురుజుపేట అమ్మవారు బావిలో దొరికిందంటారు, 1917లో రోడ్డు కోసం విగ్రహాన్ని జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ యథాస్థానంలో పెట్టాక తగ్గిందని చెప్పుకుంటారు. మీ అమ్మగారు అనాదిగా వస్తోందనుకునే భక్తికి వందేళ్లు దాటి ఎంతో కాలేదు. వీధి వీధికీ ఉన్న సాయిబాబా గుళ్లు ఇంకా కొత్త, షిర్డీలో ఆయన పోయిందే 1918లో. నా చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ని వింతగా చూసేవారు. వీధిలో వినాయకుణ్ని నిలబెట్టే సంబరానికి ఊపు 1893లో తిలక్‌తో వచ్చింది, గాజువాక పందిళ్లు నిన్నగాక మొన్నటివి. మీ మనవలు ఏ కొండ చుట్టూ తిరుగుతారో ఇవాళ ఎవరూ చెప్పలేరు, ఇంకా ఆ కొండకి పేరే పడి ఉండకపోవచ్చు.

2020లో లాక్‌డౌన్‌లో సింహాచలం చందనోత్సవం భక్తులు లేకుండా ఏకాంతంగా జరిగింది గుర్తుందా? ఏడాదికొక్కసారి దొరికే నిజరూప దర్శనం. ఆ ఏడు టీవీ ముందు కూర్చుని మా ఇంట్లో గొణిగారు తప్ప ఎవరి నమ్మకం పోలేదు. తర్వాతి ఏళ్లలో క్యూ మళ్లీ కొండ దిగింది.

నమ్మనివాడు

అందరూ అన్ని గళ్లూ నింపారు, మా గడి మాత్రం ఖాళీగా వదిలేశారు. ఆంధ్రాలో నాస్తికత్వం నిన్న మొన్నటిది కాదు, గోరా గారు నాస్తిక కేంద్రం పెట్టింది 1940లో, విజయవాడలో ఇంకా ఉంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో నాస్తికులమని చెప్పినవాళ్లు 33 వేల చిల్లర. ఆ అంకె నేను నమ్మను. మా ఇంట్లో నేనూ చెల్లీ ఇద్దరం నమ్మం. లెక్కలాయన వచ్చినప్పుడు నాన్న గుమ్మంలో నిలబడి అందరికీ కలిపి హిందూ అని రాయించేశారు, మమ్మల్ని పిలవను కూడా లేదు. కాబట్టి బాబూ, నీ 97 శాతంలో ఎంతమంది సర్వే చేసేవాడి ముందు పరువు కోసం చెప్పారో కూడా లెక్క తియ్యి.

భవిష్యత్తులో మేం పెరుగుతాం, కానీ చప్పుడు లేకుండా. పెళ్లికి, ఇల్లు అద్దెకి, ఉద్యోగంలో పలకరింపులకి మతం కావాలి కాబట్టి పేరుకి ఉంటాం. మీరు జపాన్ అన్నదాన్ని నేను మొహమాటం అంటాను.

మర్రిపాలెం_అమ్మాయి

అమ్మో, ఇన్ని వస్తాయనుకోలేదు. మాస్టారు గారూ, బురుజుపేట సంగతి అమ్మకి చదివి వినిపించా, "వందేళ్లయితే ఏటి, వెయ్యేళ్లయితే ఏటి, తల్లి తల్లే" అంది, చర్చ అక్కడితో ఖతం. నమ్మనివాడు గారి మొహమాటం మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నా నడకలో కొంత అదే ఉంది. మొత్తం అదే మాత్రం కాదు. హనుమంతువాక దగ్గర ఎవరో ముసలావిడ రోడ్డు పక్కన కూర్చుని, నడిచేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తూ ఉండేది, నా కాళ్ల మీదా పోసి దణ్ణం పెట్టింది. ఆవిడ దణ్ణం నాకు కాదని తెలుసు. మరి ఎవరికో, దాన్ని సర్వేలో ఏ గడిలో పెట్టాలో నాకు తెలీదు.

పంతులుగారూ, ఒక్క డౌటు. మా తాతగారి తిథి నిజంగానే నాకు తెలీదు. పోయిన తేదీ తెలుసు, దాంతో తిథి తియ్యొచ్చా?

ఎంవీపీ_పురోహితుడు

తియ్యొచ్చమ్మా. తేదీతోపాటు ఏ వేళ పోయారో కూడా కనుక్కోండి, తిథి మధ్యలో మారి ఉంటే తేడా వస్తుంది. ఆ ఏటి పంచాంగం నా దగ్గర లేకపోతే ఫోన్లో యాప్ ఉంది, చూసి చెప్తా. నమ్మనివాడు గారూ, ఒక మాట అడుగుతా ఏమీ అనుకోకండి, మీ పెళ్లి రిజిస్టర్ ఆఫీసులోనా?

నమ్మనివాడు

రిజిస్టర్ ఆఫీసే అనుకున్నాం పంతులుగారూ. మా అత్తగారు ముహూర్తం లేకుండా పిల్లనివ్వనన్నారు. రెండు గంటలు పీటల మీద కూర్చున్నా, పొగకి కళ్లు మండిపోయాయి. షార్ట్‌గా కానిచ్చేయమని అడిగింది నేనే.